సంచి టపాకు ఏడో రూలు

ఆగస్టు 30, శనివారం

నా నోటుబుక్కు అడిగాడు వెంకట్రావు. క్యాంప్ బాస్ అడిగితే ఇవ్వనంటానా. "ఇదిగో నర్సయ్యా, నీ పార్శిళ్ళ పుస్తకం ఒకసారి ఇస్తావా, చూసి ఇచ్చేస్తాను" అన్నాడు. భలే మర్యాదగా. ఆ మర్యాదకే అనుమానం రావాల్సింది నాకు.

ఇచ్చాను. రెండేళ్ళ పుస్తకం. ఈ గల్ఫ్ నుంచి లీవు మీద ఇంటికి పోయేవాడు రెండు రోజుల ముందే సూట్‌కేసు మంచం మీద తెరిచిపెట్టాలి — సంచి టపా అనే ఆ పద్ధతి నేను రాకముందు నుంచీ ఉంది. జగిత్యాల పోయేవాడుంటే ఆ వైపువాళ్ళంతా వచ్చి తలా ఒక పొట్లం పెట్టిపోతారు. నేను చేసిందల్లా రూళ్ళు రాయడం. ఆరు. మనిషికి ఒకే పొట్లం. ఇచ్చేవాడు అందరి ముందూ విప్పి చూపాలి. డాక్టరు చీటీ లేని మందుబిళ్ళలు పెట్టరాదు — ఎవరివో మాత్రలు మోసుకొచ్చి పక్క క్యాంపువాడు జైలుకు పోయాక రాసిన రూలు అది. ద్రవాలు వద్దు. పేరూ ఊరూ పుస్తకంలో ఎక్కాలి. ఇల్లు చేరిన మూడు రోజుల్లో చేతికి అందించాలి.

ఊళ్ళో పదకొండేళ్ళు బ్రాంచి పోస్ట్‌మాస్టరు పని చేసినవాణ్ణి. పర్మనెంట్ చేయలేదు గానీ పని మాత్రం ఒంటికి అంటుకుంది.

ఆగస్టు 31, ఆదివారం

పుస్తకం తిరిగి రాలేదు.

సెప్టెంబర్ 1, సోమవారం

మెస్సు తలుపు పక్కన నోటీసు. మూడు భాషల్లో. తెలుగు చూస్తే కడుపు తరుక్కుపోయింది, టైపు చేసినవాడి చేతులు విరిచెయ్యాలి. కానీ రూళ్ళు నావే. అక్షరం అక్షరం నావే! ఇకమీదట సూట్‌కేసులు మంచాల మీద తెరవకూడదట. మెట్ల కింద ఇస్త్రీ గది ఖాళీ చేయించారు — దాని పేరు పోస్ట్‌రూమ్. లీవు మీద పోయేవాడైనా వచ్చేవాడైనా అక్కడికి రావాలి, ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేనిది గేటు దాటదు.

ఇన్‌చార్జి: నర్సయ్య, స్టోర్‌కీపర్.

సాయంత్రం వెంకట్రావు కొత్త ముద్ర చేతిలో పెట్టాడు. చెక్క పిడి. ఇంకు డబ్బా. "నీకంటే తెలిసినోడెవడున్నాడు చెప్పు ఈ క్యాంపులో!" అన్నాడు.

సంతోషపడ్డాను. అబద్ధం రాయను ఇక్కడ. ఖాళీ కాగితం మీద నాలుగు సార్లు కొట్టి చూసుకున్నాను కూడా.

సెప్టెంబర్ 2, మంగళవారం

ఏడు రూళ్ళున్నాయి! ఏడు!

నిన్న నా ఆరూ చదువుకుని మురిసి, కింది లైను చూడనే లేదు గుడ్డి వెధవను. మల్లేష్ చూపించాడు. నా పక్క మంచం వాడు, స్టీల్ ఫిక్సర్, ముప్పై దాటలేదు. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా నన్ను నోటీసు దగ్గరికి లాక్కుపోయాడు.

"గిది గూడ నువ్వే రాసినవా అన్న?"

ఏడోది: ఉత్తరాలు కూడా విప్పి, చదివి, పంపవలెను. లోపల ముద్ర వేయవలెను.

నేను రాయలేదు. నేను రాయలేదని మల్లేష్‌కు చెప్తుంటే చుట్టూ నిల్చున్నవాళ్ళు నా మొహం చూడలేదు. నోటీసు కింద నా పేరు చూశారు.

ఉత్తరం విప్పరాదని నా పుస్తకంలో లేదు, నిజమే. ఎందుకుంటుంది? అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోవాలని ఎవడైనా రాసిపెడతాడా? రాయకపోవడమే నా తప్పైంది. నేను వదిలిన ఖాళీ చోట వెంకట్రావు కూర్చున్నాడు.

సెప్టెంబర్ 3, బుధవారం

వెంకట్రావు దగ్గరికి పోయాను. ఏసీ గది. టీ ఇచ్చాడు. టీ తాగుతూ కోపంగా మాట్లాడటం ఎంత కష్టమో, అది తెలిసే ఇస్తాడు.

సంగతి ఇదట. జూలైలో ఎవడో మన క్యాంపు నీళ్ళ ట్యాంకు గురించి ఉత్తరం రాసి, లీవు మీద పోయేవాడి చేతికిచ్చి పంపాడు. అది ఊరివైపు ఏదో పేపర్లో పడింది. ఫొటో హెడ్డాఫీసుకు చేరింది.

"నాకేం సరదానా నర్సయ్యా, మీ ఉత్తరాలు చదవటం? పైనుంచి నన్ను వాయించేస్తున్నారు."

"ట్యాంకు కడిగిస్తే అయిపోవు గద సార్?"

"కడిగించాంగా. పోయిన నెల్లోనే."

అంటే ఉత్తరం పని చేసిందన్నమాట. ట్యాంకు కడిగారు, ఆ తర్వాత ఉత్తరాన్ని పట్టుకున్నారు. ఎంత న్యాయం! ఇదే మాట మొహం మీద అనేస్తే బాగుండేది. అనలేదు. గ్లాసు కడిగి పెట్టి వచ్చాను.

సెప్టెంబర్ 5, శుక్రవారం

అల్ ముంతజాలో సుబ్బరాయుడు కలిశాడు, ఎప్పుడూ కూర్చునే టీ కొట్టు దగ్గరే. రాజంపేట వైపు మనిషి, అల్ ఘర్రాఫాలో ఒక విల్లాకు డ్రైవరు. సగం రోజు సెలవు. వాళ్ళ వైపు డ్రైవర్లకూ ఇలాంటి సంచి టపానే ఉంది, దాన్ని నడిపేది ఇతనే. మనవి ఆరు రూళ్ళని విని ఒకప్పుడు పగలబడి నవ్వాడు — "మాకు రూల్లే లేవప్పా, తిట్లే ఉండాయి".

ఏడో రూలు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మా మేడమ్ నా సంచి, నా రూము, నా కారు అన్నీ చూస్తాది. జాబు మాత్రం ముట్టదప్పా. మా పిల్ల రాసిన జాబు సీటు మింద పడుంటే ఆయమ్మే తీసి నా చేతికిచ్చినాది, మూసిందాన్ని మూసినట్టే. నువ్వు పోస్ట్‌మాస్టరు పని చేసినోడివి. నీకేమి రోగం?"

నాకేం రోగమా! నేనేదో కోరుకుని చేస్తున్నట్టు. టీ సగంలో వదిలేసి బస్సెక్కాను. బస్సులో కూర్చున్నాక గానీ ఆ మాట తగల్లేదు.

సెప్టెంబర్ 6, శనివారం

మల్లేష్ రాస్తున్నాడు. లుసైల్ సైటులో మధ్యాహ్నం ఎండకు పని ఆపిన గంటల్లో, నీడలో కూర్చుని, పలక మీద కాగితాలు పెట్టుకుని. స్టోరు కిటికీలోంచి కనిపిస్తాడు. రాస్తాడు, కొట్టేస్తాడు, మళ్ళీ రాస్తాడు.

భార్య సుజాత జూన్‌లో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎందుకో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. 14న, ఆదివారం, పెద్దమనుషులు పంచాయితీ పెట్టారు. ఆ రోజు ఆమె 'రాను' అంటే తెగిపోయినట్టే. అంతకంటే ముందు ఉత్తరం ఆమె చేతిలో పడాలి.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వుతారు మరి, పెళ్ళి కాలేదు. మల్లేష్ చెప్పింది రాసిపెడతాను:

"ఫోన్ చేస్తె గీడ రూముల ఎనిమిది మంది ఇంటరు. గాడ వాళ్ళ నాయిన స్పీకర్ పెడ్తడు. వాట్సాప్ల పెడ్దామంటె ఫోన్ వాళ్ళ తమ్మునిది. మేమిద్దరమే మాట్లాడుకున్న మాట పెండ్లైనకాడి నుంచి పది లేవన్నా."

పోస్టులో వేస్తే మూడు వారాలు. మా క్యాంపు గంగారెడ్డి 12న లీవు మీద పోతున్నాడు, సుజాత పుట్టింటి పక్క ఊరే. తన భార్యతో నేరుగా సుజాత చేతికి పంపిస్తానన్నాడు. ఇదొక్కటే దారి.

ఆ దారి మధ్యలో నేను, ముద్ర పట్టుకుని.

సెప్టెంబర్ 8, సోమవారం

తట్టింది! ఇన్ని రోజులు ఎందుకు తట్టలేదో.

ట్రైనింగ్‌లో మా సారు చెప్పేవాడు. టపా తెల్లోడు పెట్టింది మన మంచి కోసం కాదు — కలెక్టరు కాగితం కలెక్టరుకు చేరడానికి, పల్టనుకు హుకుం చేరడానికి. మనవాళ్ళ కార్డులు తర్వాత ఎక్కాయి ఆ సంచిలోకి. ఈ గల్ఫ్‌లో మొదట నడిచిన టపా కూడా మన దేశం టపాకు తోకేనట. అంతటి తెల్లోడు కూడా తన చట్టంలో ఒక మాట ఉంచుకున్నాడు: ఊరికే ఎవడు పడితే వాడు ఉత్తరం విప్పరాదు, విప్పాలంటే పైవాడి ఆర్డరు రాతపూర్వకంగా ఉండాలి. మనల్ని ఏలడానికి వచ్చినవాడికి కూడా ఆ మాత్రం సిగ్గుంది.

రాసివ్వమంటాను. పేరు పెట్టి, సంతకం పెట్టి. 'మనుషుల ఉత్తరాలు విప్పి చదువు' అని కాగితం మీద ఎవడు రాసిస్తాడు? నోటీసు మీద సంతకం లేదు, గమనించాను. ఎవడూ రాసివ్వడు. రాసివ్వకపోతే నేను విప్పను. ఖలాస్.

మల్లేష్‌కు చెప్పాను. చాలా రోజుల తర్వాత పూర్తిగా తిన్నాడు.

సెప్టెంబర్ 9, మంగళవారం

రాసిచ్చాడు.

"ఓస్ ఇంతేనా" అన్నాడు వెంకట్రావు. "ముందే అడక్కపోయావా!" కంప్యూటరు ముందు కూర్చుని పది నిమిషాల్లో కొట్టాడు. కంపెనీ పేరున్న కాగితం. సంతకం. గుండ్రటి సీలు. తేదీ. నా పేరు అక్షరం తప్పు పోకుండా. రెండు కాపీలు తీసి ఒకటి నాకిచ్చి, రెండోదాని మీద 'అందినది' అని నా సంతకం తీసుకున్నాడు.

పెట్టాను! పెట్టానంటే పెట్టాను. పదకొండేళ్ళు పైనుంచి వచ్చిన ప్రతి కాగితం మీద అలాగే పెట్టాను, చెయ్యి అలవాటున పోయింది. నేను తవ్విన గోతికి నేనే కొలతలిచ్చాను. అడగకుండా ఉంటే 'ఎవరు చెప్పారు' అని దబాయించడానికైనా ఉండేది. ఇప్పుడు ఆర్డరుంది. ఆర్డరు అడిగింది నేను.

నా మొహం మండ.

సెప్టెంబర్ 10, బుధవారం

మల్లేష్ కవరు తెచ్చాడు. అన్నం మెతుకులతో అంటించాడు, అంచు మీద ఇంకా తడి. పైన ఒకే మాట: సుజాతకు.

"ఇప్పకు అన్న."

గంగారెడ్డిని పక్కకు పిలిచి అడిగాను, ముద్ర లేకుండా జేబులో పెట్టుకుపోతావా అని. ఆయనది మూడేళ్ళ తర్వాత లీవు. చేతులు జోడించాడు.

"గేటు కాడ దొరికితె నా లీవు ఖరాబయితది నర్సన్నా. నన్ను దీంట్లకు గుంజకుండ్రి."

ఎవరి మీద కోప్పడను? ఆయన మీదా? మూడేళ్ళు ఇల్లు చూడనివాడి మీదా? అయినా కోపం వచ్చింది. వచ్చింది, ఏం చేసుకుంటారు.

మల్లేష్‌కు చెప్పాను — విప్పుతాను, మడత తీయను, ముద్ర కొట్టి అంటించేస్తాను, చదవను.

"ఒట్టా?"

"ఒట్టు."

సెప్టెంబర్ 11, గురువారం

చదివాను.

మూడు కాగితాలు. ముద్ర లోపల పడాలంటే మడత తీయాలి. తీశాను. కళ్ళు పక్కకు తిప్పుకుని కొడదామనే అనుకున్నాను, దేవుడి మీద ఆన. కానీ ఊళ్ళో చదువురాని వాళ్ళందరికీ పదకొండేళ్ళు ఉత్తరాలు చదివి వినిపించిన కళ్ళివి. కాగితం తెరుచుకుంటే ఆగవు. మొదటి లైను దాటాక ఆపలేనని తెలిసింది. ఆపడానికి గట్టిగా ప్రయత్నించానని కూడా రాయలేను.

అందులో ఏముందో ఇక్కడ రాయను. ఈ పుస్తకానికి కూడా చెప్పను. ఇంకో చోటుకు పోకూడదు అది.

ఒక్కటి మాత్రం — అలాంటి మాటలు నేను జన్మలో ఎవరికీ రాయలేదు. పక్క మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకునే, సాంబారులో ఉప్పు లేదని వంటవాడితో పోట్లాడే మల్లేష్ రాశాడు.

చివరి కాగితం అడుగున ముద్ర కొట్టాను. మళ్ళీ అంటించాను, మెతుకులు లేవు, జిగురుతో. కవరు వెనక సంతకం పెట్టాను.

గది బయటే నిలబడి ఉన్నాడు.

"సదివినవా?"

"ముద్ర కొట్టిన. గంతే."

నా కళ్ళలోకి చూశాడు. నమ్మాడు. నమ్మాడు వెర్రివాడు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

గంగారెడ్డి పోయిండు — చూడు, ఇంటిమాట పడింది. పడనీ. ఉదయం పది గంటలకు గేటు దగ్గర వెంకట్రావు స్వయంగా నిలబడి సంచి విప్పించాడు. కవరు తిప్పి చూశాడు. నా సంతకం చూసి తలూపాడు. "యల్లా, యల్లా" అని పంపేశాడు.

పోస్ట్‌రూమ్ రిజిస్టర్లో ఈ వారం పొట్లాలు తొమ్మిది. ఉత్తరాలు ఒకటి.

సెప్టెంబర్ 14, ఆదివారం

పంచాయితీ రోజు. మల్లేష్ డ్యూటీకి పోయాడు. పోకుండా ఏం చేస్తాడు. కడ్డీలు కడుతూ గంటకోసారి ఫోన్ తీసి చూస్తున్నాడని ఫోర్‌మన్ అరిచాడు. నేను స్టోరులో ఒకే లెక్క మూడు సార్లు తప్పు పెట్టాను.

మూడు గంటలకు మల్లేష్ వాళ్ళ అమ్మ ఫోన్. గుంపులోనే మాట్లాడాడు, అందరం విన్నాం. ఉత్తరం నిన్ననే ఆమె చేతికి చేరిందట. పంచాయితీకి వచ్చిందట సుజాత. పెద్దమనుషులు ఎంత అడిగినా రాననీ అనలేదు, వస్తాననీ అనలేదట. చివరికి లేచి, "ఆయన నాకు కాయితం రాసిండు, నేను ఆయనకే కాయితం రాస్త. మీకు చెప్పేది లేదు" అందట. పెద్దమనుషులకు మండిపోయింది. బతుకమ్మ పోయినంక మళ్ళీ కూర్చుందామని లేచిపోయారట.

మల్లేష్ ఫోన్ పెట్టేసి, అక్కడే కింద కూర్చుని ఏడ్చాడు. నవ్వాడు కూడా. ఎవడో నీళ్ళ సీసా ఇచ్చాడు.

శభాష్ సుజాత. పదిమంది మగవాళ్ళ మధ్య ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి. నేను ఏసీ గదిలో ఒక్కడి ముందు అనలేకపోయాను.

సెప్టెంబర్ 17, బుధవారం

నోరు. నా నోరు కుట్టెయ్యాలి.

మెస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. వాడు మంచి ఊపు మీదున్నాడు. ఆమె ఏం రాస్తుందో, వస్తుందో రాదో అంటున్నాడు. నేను వీపు మీద చెయ్యేసి, పెద్దవాణ్ణి కదా, ఓదార్పు మాట చెప్పబోయాను —

"ఊకో మల్లేష్. నువ్వు గప్పుడే చెప్తె ఇంత దూరం రాకపోవు. ఇప్పుడన్న చెప్పినవు గద."

ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"ఏది చెప్తె?"

నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"నేను ఏది చెప్తె, అన్నా?"

వాడు అరవలేదు. అరిస్తే బాగుండేది, నలుగురి ముందు చెంప మీద ఒకటి ఇచ్చినా బాగుండేది. పళ్ళెం తీసుకుని లేచి, కడిగి, బోర్లించి వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 18, గురువారం

మల్లేష్ మంచం మార్చుకున్నాడు. చివరి రూముకు.

సెప్టెంబర్ 20, శనివారం

నేను రూములోకి అడుగు పెడితే మాటలు ఆగిపోతున్నాయి. ఫోన్లో ఇంటికి మాట్లాడేవాడు నన్ను చూసి "మల్ల చేస్త" అని పెట్టేస్తాడు. నేనేదో వాళ్ళ మాటలు ఏరి జేబులో వేసుకున్నట్టు! వీళ్ళ కోసమే కదయ్యా రూళ్ళు రాసింది. మాత్రలు ఆపింది ఎవడు? ఒక్కడైనా జైలుకు పోయాడా ఈ రెండేళ్ళలో? ఇప్పుడు నేను దొంగనైపోయాను, వెంకట్రావు మాత్రం అందరికీ సారే. వాడికి నమస్తే పెడతారు, నాకు పెట్టరు. వాడు చదవలేదు గదా — చదివించాడు. అది ఎవడికీ కనపడదు.

ఇక కాగితం రాసేవాడే లేడు. రిజిస్టర్లో ఉత్తరాల గడి నిండా సున్నాలు. వెంకట్రావు అది చూసి "చూశావా, సమస్యే లేదు" అన్నాడు.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. అందరి ఫోన్లలో పాటలు. ఎవరూ నన్ను చూడమని పిలవలేదు. పిలవకుండానే వెంకట్రావు గదికి పోయి ముద్ర బల్ల మీద పెట్టాను — "నాతోని కాదు సార్, ఇంకెవరికైనా ఇయ్యుండ్రి."

"ఇంకెవరికిచ్చేది? తెలుగు బాగా చదవగలిగినోడు నువ్వే. సరే, మానేస్తావా, మానెయ్. పోస్ట్‌రూమ్ మూసేస్తా. సంచులు కూడా బందు. ఏ పొట్లమూ పోదు, రాదు. నీవల్లే అని నోటీసు పెడతా."

ముద్ర తీసుకుని వెనక్కి వచ్చాను.

సెప్టెంబర్ 24, బుధవారం

రాజేశ్వర్ లీవు నుంచి రేపు వస్తున్నాడు. మల్లేష్ వాళ్ళ మండలమే. మల్లేష్ నాతో మాట్లాడడు గానీ మెస్సులో వేరే వాళ్ళతో అంటుంటే వినపడింది: "కాయితం ఇచ్చిందట."

సెప్టెంబర్ 25, గురువారం

మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు రాజేశ్వర్. గేటు నుంచి నేరుగా పోస్ట్‌రూముకు పంపారు, సెక్యూరిటీ వెంట వచ్చాడు. పచ్చళ్ళు, సకినాలు, ఎవరివో కళ్ళద్దాలు. అన్నీ విప్పి చూశాను, ముద్రలు కొట్టాను. అడుగున కవరు.

"ఇది... ఆమె ఇచ్చింది" అన్నాడు నా మొహం చూడకుండా. పెట్టేసి పోయాడు.

కవరు నాలుగు వైపులా దారంతో కుట్టి ఉంది. చీర అంచు కుట్టినట్టు, దగ్గర దగ్గరగా. పైన మల్లేష్ పేరు, క్యాంప్ నంబరు. వెనక పెద్ద అక్షరాలతో, స్కూలు పిల్లలకు రాసిపెట్టినట్టు గుండ్రంగా:

ముందుగాల ఇప్పి సదివేటాయనకు దండాలు. మీరు సదువుతరని ముద్ర చూసి ఎరుకైంది. సదివినంక మా ఇంటాయనకు ఇయ్యుండ్రి. మీకు గూడ ఒక కాయితం రాసి పెట్టిన, ఆఖర్ల ఉన్నది.

నాకు. నాకు కూడా రాసింది.

ఏం రాసింది? తిట్టిందా? తిడితే తిట్టనీ, పడతాను. ఏదైనా అడిగిందా? ఆయన అక్కడ ఎట్ల ఉన్నడో చెప్పుమందా? ఇంకెవరికి చెప్పినవని అడిగిందా? అది నా కాగితం. నా పేరు తెలియక రాయలేదు గానీ నాకే రాసింది, దానికి ఆమె వైపు నుంచి ఆర్డరుంది. కానీ దాన్ని చేరాలంటే ముందు మల్లేష్ కాగితాలు తిప్పాలి. ఆఖరున ఎందుకు పెట్టింది? మొదట పెట్టొచ్చు కదా. తెలిసే పెట్టింది. ఎంత గట్టి మనిషి!

కుట్టు విప్పకుండా మల్లేష్‌కు ఇచ్చేస్తే నా కాగితం వాడి చేతికి పోతుంది. ఇస్తాడా నాకు? ఎందుకిస్తాడు. పైగా ముద్ర లేని ఉత్తరం ఇచ్చినందుకు రేపటి నుంచి సంచులు బందు. రెండు వందల మంది పొట్లాలు. వచ్చే వారం పోయేవాళ్ళు ముగ్గురున్నారు.

నాలుగున్నరకు వెంకట్రావు తొంగి చూశాడు. "వచ్చిందటగా ఆ అమ్మాయి ఉత్తరం. ట్యాంకు గురించి ఏమన్నా ఉందేమో చూడు" అని నవ్వి పోయాడు. ఒక ఆడమనిషి మూడు నెలల తర్వాత మొగుడికి కాగితం రాస్తే అందులో నీ ట్యాంకు ఎందుకుంటుందిరా! ఈసారి గట్టిగానే అన్నాను. అప్పటికే మెట్లెక్కేశాడు, విన్నాడో లేదో.

ఐదున్నర. సైటు బస్సు వచ్చింది. మనుషులు దిగుతున్న చప్పుడు. మల్లేష్ స్నానానికి పోలేదు, మెస్సుకూ పోలేదు. బూట్లతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. వారం రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు.

"ఇయ్యి అన్నా."

బల్ల మీద ఒక వైపు ముద్ర, ఒక వైపు కత్తెర, మధ్యలో కవరు, రాసిన వైపు కింద పెట్టి. ఆమె వెనక రాసింది వాడు ఇంకా చదవలేదు. ఇది రాస్తున్నంత సేపూ అక్కడే నిలబడి ఉన్నాడు. రిజిస్టర్ రాస్తున్నాననుకుంటున్నాడు.